నాలుగో చక్రం లెక్క

గుంటూరు నుంచి తెనాలి వచ్చే నందివెలుగు రోడ్డు మీద కోతల కాలంలో కాసేపు నిలబడితే మూడు రకాల బళ్లు వరసగా కనిపిస్తాయి. జనాన్ని కుక్కుకుని పోయే ఆటో, ధాన్యం బస్తాల ట్రక్కును లాక్కుపోయే ట్రాక్టరు, ఆ రెండింటి మధ్య సందు వెతుక్కునే కారు. మూడింటినీ ఒకే ప్రశ్న అడుగుదాం. ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతోంది?

ఆటో సంగతి తేలిక. దానికి మూడు చక్రాలు. మొత్తం బరువెంతో తెలుసు. ఆ బరువు ముందుకూ వెనక్కీ ఎక్కడ కేంద్రీకృతమైందో, కుడికీ ఎడమకీ ఎటు మొగ్గిందో తెలిస్తే మూడు చక్రాల వాటాలూ కాగితం మీదే తేలిపోతాయి. తెలియనివి మూడు, సమీకరణాలు మూడు. వెనక సీట్లో ఇంకో ఇద్దరు ఎక్కితే ముందు చక్రం మీది బరువు ఎంత మారుతుందో కూడా ముందే చెప్పొచ్చు. రోడ్డు గతుకులమయమైనా ఆటో మూడు కాళ్లూ నేలకే ఆనుకుని ఉంటాయి. మూడు బిందువులు ఎక్కడున్నా వాటి మీదుగా ఒక చదును తలం పోతుంది మరి.

ట్రాక్టరుకు చక్రాలు నాలుగు. కానీ ముందు ఇరుసును గమనించండి. దాని నడి మధ్యలో ఒక లావుపాటి పిన్ను ఉంటుంది. ఇరుసు ఆ పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. ఒక ముందు చక్రం గట్టెక్కినా, రెండోది బోదెలో దిగినా ఇంజను మాత్రం ఒరిగిపోదు. అంటే ట్రాక్టరు శరీరం నిజంగా ఆనుకున్నది మూడు చోట్లే: వెనక రెండు చక్రాలు, ముందు ఒక పిన్ను. పొలం కోసం చేసిన బండి కాబట్టి దాన్ని తయారుచేసినవాళ్లు నాలుగో కాలి చిక్కును పిన్నుతోనే తీసేశారు.

కారు దగ్గరికొచ్చేసరికి లెక్క ఆగిపోతుంది. తెలియనివి నాలుగు, సమీకరణాలు మాత్రం ఆ మూడే. మొత్తం బరువు, ముందు వెనకల వాటా, కుడి ఎడమల వాటా అన్నీ తెలిసినా నాలుగు చక్రాల మీది బరువులు తేలవు. ఆ మూడు షరతులనూ ఒప్పుకునే జవాబులు లెక్కలేనన్ని ఉంటాయి. స్పోర్ట్స్ కారును సిద్ధం చేసేవాళ్లు 'కార్నర్ వెయిట్' సరిచేయడం అని పిలిచే పనంతా ఈ లెక్కలేనన్ని జవాబుల్లోంచి తమకు కావలసినదాన్ని ఎంచుకోవడమే.

ఈ చిక్కు కార్లకంటే పాతది. 1770లలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ నాలుగు కాళ్ల బల్ల మీద ఒక వ్యాసం రాశాడు. బల్ల బిగుసైనది, నేల బిగుసైనది అనుకుంటే ఒక్కో కాలి మీది బరువు చెప్పడం కుదరదని ఆయన గుర్తించాడు. కాలి కింద నేల కొంచెం నొక్కుకుంటుందనీ, ఎంత నొక్కుకుంటే అంత బరువు మోస్తుందనీ అనుకున్నాకే ఆయనకు జవాబు దొరికింది. లోపించిన నాలుగో సమీకరణం వస్తువుల సాగుడు గుణంలో దాక్కుని ఉందన్నమాట. ఆ తర్వాత సుమారు అర్ధ శతాబ్దానికి ఫ్రెంచి ఇంజినీరు నావియే ఆ పద్ధతిని ఇంజినీర్లందరికీ పనికొచ్చేట్టు తీర్చిదిద్దాడు. కారులో ఆ సాగుడు గుణం మన కళ్లెదుటే ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు స్ప్రింగులు. ఆయిలర్ ఊహించిన మెత్తటి నేలను కారు తన వెంట మోసుకు తిరుగుతుంది.

ఎగుడుదిగుడు వాకిట్లో నులకమంచం వేసినప్పుడు అది ఎలా కొట్టుకుంటుందో మనకు తెలుసు. ఒక కోడు కింద పెంకు ముక్క పెడితే బరువంతా ఆ కోడు మీదికీ, దానికి ఎదురు మూలనున్న కోడు మీదికీ పోతుంది. మిగిలిన రెండూ తేలికవుతాయి. పక్క కోడు కాదు, ఎదురు మూల. కార్నర్ వెయిట్ గురించి ఇంతకంటే ముఖ్యమైన విషయం లేదు. కుడి ముందు మూల స్ప్రింగును పైకి బిగిస్తే కుడి ముందు చక్రం బరువెక్కుతుంది, ఎడమ వెనక చక్రం కూడా బరువెక్కుతుంది. ఎడమ ముందూ కుడి వెనకా అంతే మోతాదులో తగ్గుతాయి. ముందు చక్రాల మధ్య వెడల్పూ వెనక చక్రాల మధ్య వెడల్పూ ఒకటే అయితే ఆ నాలుగు మార్పులూ గ్రాముతో సహా సమానం. ఎందుకంటే ముందు జత మొత్తం మారకూడదు, వెనక జత మొత్తం మారకూడదు, కుడి ఎడమల మొత్తాలూ మారకూడదు. బరువు కారులో ఎక్కడున్నదీ స్ప్రింగు మార్చలేదు.

తేలిక కార్ల విషయంలోనే దీన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణముంది. ఒకటిన్నర టన్నుల కారులో 75 కిలోల మనిషి ఎక్కితే ఇరవయ్యో వంతు. ఐదారు వందల కిలోల బండిలో అదే మనిషి ఎనిమిదో వంతుకు దగ్గర పడతాడు. మన దేశంలో ఇలాంటి తేలిక రేసు కార్లు మధ్యతరగతికి కాస్త అందుబాటులోకి వచ్చింది కోయంబత్తూరు చలవ వల్ల. తెలుగు ఇంటి భాషగా నిలుపుకున్న మిల్లుల కుటుంబాలు ఎన్నో ఉన్న ఊరది. ఆవిష్కర్తగా పేరుపడ్డ జి.డి. నాయుడు మోటార్లతో ప్రయోగాలు చేసిందీ అక్కడే. ఆ ఊరికే చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు రేసు కారు రూపొందించాడు. ఫార్ములా మారుతి అని దానికి పేరు. దేశంలో దొరికే విడిభాగాలతో, దేశంలోనే బాగుచేసుకోగల కారు అది. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గరి రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా తొలి రోజుల్లో శ్రీపెరుంబుదూరు ట్రాకు మీద ఫార్ములా మారుతి నడిపినవాడే. దేశం కరివర్ధన్‌కు రుణపడి ఉందని నేను నమ్ముతాను. పరాయి దేశం నుంచి తెప్పించిన యంత్రాన్ని మనం నడపగలం గానీ విప్పి చూడలేం. విప్పి చూడగలిగినప్పుడే ఇలాంటి లెక్కలు చేతికొస్తాయి. ఇవాళ వడ్లమూడిలోనో బాపట్లలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు విద్యార్థుల పోటీల కోసం ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి చిన్న రేసు బండి కట్టాలనుకున్నా ఈ నాలుగు చక్రాల లెక్క దాటకుండా పోలేరు.

ఒక ఊహా కారును తీసుకుందాం. డ్రైవరుతో కలిపి 560 కిలోలు. రెండు సీట్లది, మన పద్ధతిలో స్టీరింగ్ కుడి పక్క. తూకంలో ఎడమ ముందు 136, కుడి ముందు 124, ఎడమ వెనక 138, కుడి వెనక 162 వచ్చాయి అనుకుందాం. ముందు జత 260, వెనక జత 300. ఎడమ పక్క 274, కుడి పక్క 286. డ్రైవరు కుడి పక్క కూర్చున్నాడు కాబట్టి ఆ 12 కిలోల తేడా సహజమే. ఇప్పుడు ఎదురు మూలల్ని కలపండి. కుడి ముందూ ఎడమ వెనకా కలిస్తే 262. ఎడమ ముందూ కుడి వెనకా కలిస్తే 298. రెండూ 280 చొప్పున ఉండాలి. ఈ ఎదురు మూలల వాటానే 'క్రాస్ వెయిట్' అంటారు. మంచం కొట్టుకుంటోంది గానీ స్ప్రింగులు ఆ సంగతి బయటపడనివ్వడం లేదు.

ఈ అంకెలు రావాలంటే ముందు తూకం కావాలి. రైసు మిల్లు దగ్గర లారీలు తూచే కాటా ఉంది కదా అనిపిస్తుంది. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనకవి ఎక్కించి ఒకసారి తూస్తే ముందు వెనకల వాటా ఉజ్జాయింపుగా వస్తుంది. కానీ పెద్ద కాటాలు సాధారణంగా 5, 10 కిలోల మెట్లలో చూపిస్తాయి. 280కీ 262కీ మధ్య తేడాను రెండు మూలలు పంచుకుంటాయి కాబట్టి ఒక్కో చక్రం దగ్గర మనం వెతికే తేడాయే తొమ్మిది కిలోలు. రేసు జట్లు నాలుగు టైర్ల కింద నాలుగు పలచటి ఎలక్ట్రానిక్ తూకాలు పెట్టి ఒకే తెరమీద చూస్తాయి. అవి ఖరీదైనవి. కాలేజీ పిల్లలు ఇంట్లో ఒళ్లు తూచుకునే డిజిటల్ తూకాలు నాలుగు కొంటారు. అవి తరచూ 150 కిలోల దగ్గర ఆగిపోతాయి. మన కుడి వెనక చక్రం 162. దీనికి తులాదండం నాటి ఉపాయం ఒకటుంది. గట్టి చెక్క ఒక కొన తూకం మీద, ఇంకో కొన అంతే ఎత్తున్న గొట్టం మీద ఆనించి, టైరును సరిగ్గా మధ్యలో నిలబెట్టాలి. తూకం సగమే చూస్తుంది. వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోవచ్చు. తక్కిన మూడు మూలల్లోనూ అంతే ఎత్తు చెక్కలు పెట్టాలి, లేకపోతే మనమే ఒక కోడు కింద పెంకు పెట్టినట్టు.

తూకం కంటే కష్టమైనది నేల. తెనాలి చుట్టుపక్కల కృష్ణా పడమటి డెల్టాలో నల్లమట్టి నేలలు ఎక్కువ. ఆ మట్టిలోని బంకరేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుని బీటలిస్తాయి. దాని మీద వేసిన గచ్చు ఏడాదిలో రెండు పోకలు పోతుంది. కంటికి చదునుగా కనిపించే షెడ్డులో నాలుగు చక్రాలు నిలిచే చోట్ల అరంగుళం తేడా ఉండటం వింతేమీ కాదు. అందుకే పని మొదలుపెట్టేది తాపీమేస్త్రి దగ్గరుండే నీటి ట్యూబుతో. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి ఒక కొన ఒక తూకం పక్కన, రెండో కొన ఇంకో తూకం పక్కన పట్టుకుంటే రెండు చోట్లా నీటిమట్టం ఒకటే. గొట్టంలో గాలిబుడగ మిగలకపోతే మిల్లీమీటరు వరకూ నమ్మొచ్చు. పల్లంగా ఉన్న తూకం కింద పలచటి పలకలో టైల్సు ముక్కలో పేర్చుకుంటూ నాలుగింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఆ నాలుగు చోట్లనూ సుద్దతో కాక చెరగని రంగుతో గుర్తుపెట్టుకోవడం మంచిది, రేపు మళ్లీ తూచినప్పుడు అక్కడే తూచాలి.

తర్వాత టైర్లలో గాలి సరిచూడాలి. పెట్రోలు ట్యాంకు రేసు మధ్యలో ఎంతుంటుందో అంతే ఉంచాలి, లీటరుకు ముప్పావు కిలో లెక్కన అది కూడా బరువే. డ్రైవరు సీట్లో డ్రైవరే కూర్చోవాలి. కుదరకపోతే అంత బరువున్న ఇసుక సంచులు, కొన్ని సీట్లో, కొన్ని కాళ్లుండే చోట. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు కాబట్టి అంకె చక్కగా సరిపోతుంది గానీ బస్తా కాళ్లు చాపుకోదు, అందుకని బరువంతా వెనక్కి చేరుతుంది. స్టీరింగ్ తిన్నగా ఉండాలి. ముందు చక్రాలు తిప్పి ఉంటే వాటి ఇరుసుల వాలు వల్ల ఒక మూల లేస్తుంది, ఒక మూల దిగుతుంది. కుడి ఎడమ చక్రాలను కలిపే ఆంటీ రోల్ బార్‌ను ఒక కొన విప్పెయ్యాలి. ఆఖరున కారును నాలుగు మూలలా నొక్కి వదిలి, వీలైతే కొంచెం ముందుకూ వెనక్కీ దొర్లించి, టైర్ల అడుగున పట్టేసిన రాపిడిని వదిలించాలి. జాకీ మీంచి దింపిన కారు టైర్లు నేలను పట్టుకుని పక్కకు జారవు. ఆ పట్టు వల్ల స్ప్రింగులు పూర్తిగా దిగవు, తూకం అబద్ధం చెబుతుంది. కొందరు టైరు కింద రెండు రేకులు పెట్టి వాటి మధ్య గ్రీజు పూస్తారు. చవకైన పద్ధతే గానీ దీన్ని మించింది లేదు.

ఇక పానా పట్టుకునే సమయం. ఇలాంటి కార్లలో స్ప్రింగు షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉంటుంది. దాని కింది అంచును మోసే గుండ్రటి నట్టు మరల మీద పైకీ కిందికీ తిరుగుతుంది. కుడి ముందు నట్టును పైకి బిగిస్తున్నప్పుడు చూడాల్సింది ఆ మూల అంకెను కాదు, కారుకు అవతలి కొసన ఎవరూ ముట్టుకోని ఎడమ వెనక అంకెను. 138 కాస్తా 139 అవుతుంది, 140 అవుతుంది. మొదటిసారి చూసేవాళ్లు తూకం పాడైందనే అనుకుంటారు.

ఎంత బిగించాలి? చక్రం దగ్గర కొలిస్తే ఒక్కో స్ప్రింగు మిల్లీమీటరు నొక్కుడుకు 2 కిలోలు మోస్తుంది అనుకుందాం. మిల్లీమీటరు బిగిస్తే 2 కిలోలు పెరుగుతుందని తోస్తుంది. పెరిగేది అరకిలోనే. ఆ మిల్లీమీటరును నాలుగు స్ప్రింగులూ పంచుకుంటాయి. బిగించిన మూలా, ఎదురు మూలా తలా పావు మిల్లీమీటరు నొక్కుకుంటాయి. తక్కిన రెండూ తలా పావు మిల్లీమీటరు సాగుతాయి. మనకు కావలసిన 9 కిలోలకు ఒక్క మూలే అయితే 18 మిల్లీమీటర్లు లేపాలి, కారు ఎత్తు అస్తవ్యస్తమవుతుంది. తెలిసినవాళ్లు పనిని పంచుతారు. కుడి ముందూ ఎడమ వెనకా నాలుగున్నర మిల్లీమీటర్లు పైకి, ఎడమ ముందూ కుడి వెనకా నాలుగున్నర కిందికి. కారు ఎత్తు చెక్కుచెదరదు. ఇదే లెక్క నేల గురించి ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. ఒక మూల నేల 4 మిల్లీమీటర్లు పల్లమైతే 2 కిలోల తప్పు. గట్టి స్ప్రింగుల రేసు కారులో, అవి ఐదింతలు గట్టివైతే, ఆ తప్పు 10 కిలోలు. స్ప్రింగులే లేని గో కార్టుకైతే నేల చదును కాకుండా తూచడం దండగ.

ఇప్పుడు తూకాలు 127, 133, 147, 153 చూపిస్తాయి. ముందు జత అదే 260. వెనక 300. ఎడమ 274, కుడి 286. ఒక్కటీ మారలేదు. ఎదురు మూలలు మాత్రం 280, 280.

ఈ 9 కిలోలకు ఇంత శ్రమ ఎందుకో టైరును అడగాలి. టైరు పట్టు బరువుతో పాటు పెరుగుతుంది గానీ అదే దామాషాలో పెరగదు. బరువు ఎక్కువయ్యేకొద్దీ కిలోకు వచ్చే పట్టు తగ్గుతుంది. ఉదాహరణకు 150 కిలోల దగ్గర కిలోకు 1.15, 250 దగ్గర 1.05, 50 దగ్గర 1.25 చొప్పున పట్టు వస్తుందనుకుంటే, రెండు టైర్ల మీద 150 చొప్పున ఉన్నప్పుడు మొత్తం 345. అదే 300 కిలోలు 250, 50గా విడిపోతే 325. జతలో తేడా పెరిగేకొద్దీ ఆ జత పట్టు తగ్గుతుంది. మలుపులో ముందు జత తేడా ఎక్కువైతే ముందు భాగం మలుపు వదిలి బయటికి జారుతుంది. వెనక జత తేడా ఎక్కువైతే తోక బయటికి విసురుతుంది.

మన కారును సరిచెయ్యక ముందు కుడికి తిప్పుదాం. మలుపు వేగానికి ఒక్కో జతలో 30 కిలోలు కుడి నుంచి ఎడమకు మారాయి అనుకుంటే ముందు 166, 94. వెనక 168, 132. తేడా ముందు 72, వెనక 36. ముందు భాగం జారుతుంది. ఎడమకు తిప్పితే ముందు 106, 154. వెనక 108, 192. తేడా ముందు 48, వెనక 84. ఈసారి తోక విసురుతుంది. కుడి మలుపులో మొండికేసి ఎడమ మలుపులో వదిలేసే కారును డ్రైవరు ఎంత నేర్పరి అయినా నమ్మలేడు. గట్టిగా బ్రేకు తొక్కినా తేలిగ్గా ఉన్న కుడి ముందు చక్రమే ముందు లాకవుతుంది. సరిచేశాక అదే లెక్క వేయండి. కుడి మలుపులో ముందు 157, 103. వెనక 177, 123. రెండు జతల తేడా 54. ఎడమ మలుపులో ముందు 97, 163. వెనక 117, 183. రెండు జతల తేడా 66. రెండు మలుపుల మధ్య తేడా పూర్తిగా పోలేదు, డ్రైవరు కుడి పక్క కూర్చున్నాడు కాబట్టి. కానీ ప్రతి మలుపులోనూ ముందూ వెనకా ఒకే మాట మీద ఉన్నాయి. క్రాస్ వెయిట్ యాభై శాతం అంటే కారుకు జరిగేది ఇదే.

అమెరికాలో ఎప్పుడూ ఎడమకే తిరిగే అండాకారపు ట్రాకుల మీద ఈ యాభై శాతాన్ని కావాలనే తప్పిస్తారు. అక్కడ కుడి మలుపు లేదు గనక. స్టాక్ కార్ల రేసుల్లో పిట్ స్టాప్ మధ్యలో మెకానిక్ వెనక అద్దం దగ్గరి రంధ్రంలో పొడుగాటి పానా దూర్చి రెండు చుట్లు తిప్పడం టీవీలో చూసే ఉంటారు. ఎదురు మూలల బరువు మార్చడమే అది. రెండు వైపులా మలుపులున్న ట్రాకుకు అది పనికిరాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు ట్రాకు దాదాపు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ విద్యుత్ కార్ల కనీస బరువు డ్రైవరుతో కలిపి 840 కిలోలు. డ్రైవరు నట్టనడుమ కూర్చుంటాడు, బ్యాటరీ అతని వెనక మధ్యలోనే ఉంటుంది, కాబట్టి కుడి ఎడమల గొడవ పుట్టుకతోనే తీరిపోయింది. అయినా మామూలు రోజుల్లో బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు అది. నీరు పారడానికి వాలు పెట్టి వేసిన రోడ్డు మీద రేసు అంటే ఒక్కో చక్రం మీది బరువు అడుగడుగునా మారుతూనే ఉంటుంది. తూకం సరిచేసేది చదును నేల మీదే. రోడ్డు తెచ్చే మార్పులు కనీసం సరైన చోటు నుంచి మొదలవ్వాలి కదా.

పానాతో కుదరనివీ ఉన్నాయి. ఆ 286కూ 274కూ మధ్య తేడా తగ్గాలంటే ఏదో ఒక వస్తువు జరగాలి. మన ఊహా కారులో చక్రాల మధ్య వెడల్పు 1,300 మిల్లీమీటర్లు అనుకుంటే, 12 కిలోల బ్యాటరీని కుడి చివర నుంచి ఎడమకు 650 మిల్లీమీటర్లు జరిపితే కుడి నుంచి ఎడమకు వెళ్లేది 6 కిలోలు. తేడా పూర్తిగా పోతుంది. అందుకే తేలిక కార్లు కట్టేవాళ్లు బ్యాటరీ ఎక్కడ పెట్టాలో, ట్యాంకు ఎక్కడ పెట్టాలో గొట్టాలు వెల్డింగ్ చెయ్యకముందే తేల్చుకుంటారు. ముందు వెనకల వాటా కూడా అంతే. వస్తువు జరిగాకే పానా.

ఆంటీ రోల్ బార్ ఇంకా విప్పి పక్కన వేలాడుతోంది. దాన్ని తిరిగి కలిపేటప్పుడు డ్రైవరు సీట్లోనే ఉండాలి, కారు తూకాల మీదే ఉండాలి. బోల్టు వేళ్లతోనే రంధ్రంలోకి జారిపోవాలి. సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే బార్ అప్పటికే మెలిపడి ఉంది, ఒక మూలను తోసి ఇంకో మూలను లాగుతోంది, తెచ్చిన 280లు మళ్లీ చెదిరిపోతాయి. అప్పుడు దాని చివరి కడ్డీ పొడవును మర తిప్పి సరిచేసుకోవాలి. బోల్టు బిగించాక అంకెలు ఇంకోసారి చూసుకుని, చక్రాల అలైన్‌మెంట్ పని మొదలుపెట్టొచ్చు. స్ప్రింగు ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి కాబట్టి ఈ రెండు పనుల్లో అలైన్‌మెంట్ ఎప్పుడూ రెండోదే.